ఒకే కుంచంతో రెండుసార్లు కొలిస్తే సరిచూసినట్టు కాదు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఊళ్లలో తెలుగువారి ఇళ్లలోనూ, డీటీపీ దుకాణాల్లోనూ, ఒకటి రెండు కాలేజీ ల్యాబుల్లోనూ రాత్రిపూట ఖాళీగా ఉండే కంప్యూటర్లను ఇరవై పైచిలుకు కూడగట్టి మేమొక లెక్క నడుపుతున్నాము. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి శ్రీకాకుళం జిల్లాలో సముద్రంలో కలుస్తాయి. ఎగువన ఇంత వాన పడితే దిగువకు ఎప్పుడు ఎంత నీరు వస్తుందో అంచనా కట్టే చిన్న నమూనా ఒకటి మా దగ్గర ఉన్నది. నేల ఎంత నీరు పీలుస్తుంది, వాలు ఎంత, అడవి ఎంత దట్టం వంటి పది పన్నెండు విలువలను మార్చి మార్చి దానిని వేలసార్లు ఆడించి, ఏ కూర్పు వాస్తవానికి దగ్గరగా ఉన్నదో చూడాలి. ఒక్క కంప్యూటర్‌కు అది నెలల పని కనుక, ఒక్కొక్క కూర్పును ఒక్కొక్క వర్క్ యూనిట్‌గా విడగొట్టి అందరికీ పంచుతాము.

ఈ పద్ధతి కొత్తది కాదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యలను (రెండును రెండుతోనే పలుమార్లు గుణించి ఒకటి తీసివేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలను) వెదికే గింప్స్ అనే ప్రాజెక్టు 1996లో మొదలైంది. అంతరిక్షం నుంచి వచ్చే రేడియో సంకేతాలను జల్లెడ పట్టిన సెటీ ఎట్ హోమ్‌ను 1999 మే 17న బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రారంభించి, 2020 మార్చి 31 వరకు పని పంచింది. అక్కడి అనుభవంతోనే డేవిడ్ ఆండర్సన్ బృందం 2002లో బోయింక్ అనే ఉచిత వేదికను మొదలుపెట్టింది. నేటికీ ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా దాని మీదనే నడుస్తున్నాయి. పని పంచడానికి కావలసినవన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. అయితే మన కంటికి కనబడని గదిలో, మన చేతిలో లేని యంత్రం పంపిన అంకెను ఎంతవరకు నమ్మాలన్నది మాత్రం ప్రతి ప్రాజెక్టూ తనకు తానుగా తేల్చుకోవలసిందే. బోయింక్ సర్వర్ పెట్టుకున్నవారికీ, మాలాగా సొంత స్క్రిప్టులతో నెట్టుకొస్తున్నవారికీ ఆ విషయంలో పనికివచ్చే పద్ధతులను ఇక్కడ చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. సరిహద్దుకు అవతల పార్వతీపురం వైపు చుట్టాలకు ఫోన్ చేసి ‘వాలంటీర్లు కావాలి’ అన్నప్పుడు, పింఛన్లు ఇంటికి తెచ్చి ఇచ్చే ఉద్యోగం అనుకుని దరఖాస్తు అడిగినవారు ఉన్నారు. ఈ వ్యాసంలో వాలంటీర్ అంటే తన కంప్యూటర్ ఖాళీ సమయాన్ని డబ్బు తీసుకోకుండా ఇచ్చే వ్యక్తి అని మాత్రమే అర్థం.

తప్పు ఎక్కడ పుడుతుంది

తప్పుడు ఫలితం అనగానే మోసం అనుకోవడం మొదట మేము చేసిన పొరపాటు. చాలా సందర్భాల్లో తప్పు యంత్రానిది. ఇళ్లలో వాడే కంప్యూటర్లలో ర్యామ్ తన తప్పును తాను దిద్దుకునే రకం కాదు. ఒక్క బిట్ తిరగబడినా ఎవరూ గమనించరు, అంకె మాత్రం మారుతుంది. పాతబడిన పవర్ సప్లై, లోవోల్టేజీ, వేగం పెంచి నడిపే ఓవర్‌క్లాకింగ్ దీనికి తోడవుతాయి. మే నెల ఎండలను మాత్రం కొంత జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి కాబట్టి, వేడి మొదట ఆలస్యంగానే కనబడుతుంది. దుమ్ము పట్టిన ఫ్యానుతో పాటు పవర్ సప్లై కూడా నలిగిన యంత్రంలోనే అది తప్పుగా మారుతుంది.

మా ప్రాంతంలో ఇంతకంటె పెద్ద శత్రువు కరెంటు కోత. లెక్క మధ్యలో ఆగిపోయినా మళ్లీ అక్కడి నుంచే సాగడానికి ప్రోగ్రాము అప్పుడప్పుడు తన స్థితిని ఒక ఫైలులో రాసి పెట్టుకుంటుంది. సరిగ్గా ఆ ఫైలు రాస్తున్న క్షణంలో కరెంటు పోతే సగం కొత్తది, సగం పాతది ఉన్న ఫైలు మిగులుతుంది. తిరిగి లేచిన ప్రోగ్రాము దానినే నమ్మి ముందుకు పోతుంది. దీనికి మందు సులువైనది. స్థితిని వేరే పేరుతో కొత్త ఫైలులో పూర్తిగా రాయించి, అది డిస్కుకు చేరిన తరువాతనే పాత ఫైలు స్థానంలోకి పేరు మార్పించాలి. ఫైలు చివర దాని చెక్‌సమ్, అంటే ఫైలులోని సమాచారమంతటి నుంచి లెక్కగట్టిన చిన్న సంఖ్య, కూడా ఉంచితే, తిరిగి చదివేటప్పుడు సరిపోనిదానిని పారవేసి మొదటి నుంచి లెక్క మొదలుపెట్టవచ్చు. ఈ ఒక్క మార్పుతో మాకు వచ్చే చెత్త ఫలితాల్లో అధిక భాగం ఆగిపోయింది. కాబట్టి సరిచూసే యంత్రాంగం మీద చెమటోడ్చే ముందు ఈ పని చేయండి.

వాలంటీర్‌ను చేర్చుకునే రోజే రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును ఒక పూర్తి వరుస ఆడించి, మరునాడు గింప్స్ వారి ప్రైమ్95లోని టార్చర్ టెస్టును కొన్ని గంటలు నడపమని అడగండి. ఆ టెస్టు ఫలితాలు ముందే తెలిసిన లెక్కలను చేయించి పోల్చుతుంది కనుక, పైకి చక్కగా కనబడే యంత్రం లోపలి బలహీనత అందులో బయటపడుతుంది. ఎంతో పేరున్న చిప్పులకు కూడా ఇది తప్పలేదు. 2016 ఆరంభంలో ఇంటెల్ ఒప్పుకున్న స్కైలేక్ ప్రాసెసర్ల లోపం గింప్స్ లెక్కలు ఆడిస్తుండగానే బయటపడింది.

ముందు ఒంటరిగా చూడండి

ఒకే పనిని ఇద్దరికి ఇచ్చి, ఇద్దరి జవాబులూ కలిస్తే సరైనదిగా తీసుకోవడం అందరికీ తెలిసిన పద్ధతి. దానికి వెళ్లే ముందు ప్రతి ఫలితాన్నీ దానికదిగా పరీక్షించాలి. ఎందుకంటే రెండు ఖాళీ ఫైళ్లు కూడా ఒకదానితో ఒకటి అక్షరం పొల్లుపోకుండా కలుస్తాయి. మొదటి నెలలో మాకు అదే జరిగింది. డిస్కు నిండిపోయిన రెండు కంప్యూటర్లు సున్నా బైట్ల ఫైళ్లు పంపాయి, మా స్క్రిప్టు వాటిని పోల్చి, ‘సరిపోయినవి’ అని ముద్ర వేసింది.

ఫైలులో ఉండవలసినన్ని వరుసలు ఉన్నాయా, ప్రతి అంకె ఉండదగిన హద్దుల్లో ఉన్నదా అన్నవి కనీస పరీక్షలు. వీటికంటె విలువైనది మీ విషయానికే చెందిన ఒక నియమం. మా లెక్కలో అది నీటి పద్దు. పడిన వాన, పారిన నీరు, ఆవిరైనది, నేలలో నిలువ పెరిగినది లేదా తగ్గినది కలిపి చూస్తే జమాఖర్చు సరిపోవాలి. ఏడాదికి 1,300 మిల్లీమీటర్ల వాన పడిన చోట 1,900 మిల్లీమీటర్లు పారినట్టు వస్తే, ఆ ఫలితాన్ని మరొకదానితో పోల్చవలసిన అవసరమే లేదు. మీ లెక్క అణువులదైనా, నక్షత్రాలదైనా ఇలాంటి పద్దు ఏదో ఒకటి తప్పక ఉంటుంది. దానిని కనిపెట్టడానికి ఒక పూట వెచ్చించినా నష్టం లేదు.

కొన్ని అదృష్టవంతమైన లెక్కల్లో ఈ సొంత పరీక్ష ఎంత బలంగా ఉంటుందంటే రెండోవారి అవసరమే దాదాపు తీరిపోతుంది. గింప్స్‌లో ఒకప్పుడు ప్రతి సంఖ్యనూ ఏళ్ల తరువాతనైనా మరొకరి చేత మొదటి నుంచి లెక్క కట్టించేవారు. రాబర్ట్ గెర్బిచ్ కనిపెట్టిన పరీక్షతో లెక్క నడుస్తుండగానే యంత్రం తప్పు దొరికిపోతుంది. 2020 నుంచి ఫలితంతో పాటు ఒక రుజువు ఫైలు కూడా వస్తున్నది. దానిని సరిచూడటానికి అసలు లెక్కలో చిన్న పాలు శ్రమ చాలు. మన లెక్కలు చాలావరకు అంత అదృష్టవంతమైనవి కావు కనుక, పోల్చక తప్పదు.

పోల్చేటప్పుడు

ఇక్కడ తొందరపడినవారు మంచి ఫలితాలను పారవేస్తారు, చెడ్డవాటిని లోపలికి రానిస్తారు. రెండు ఫైళ్లను బైటు బైటుగా పోల్చకండి. విండోస్‌లో రాసిన ఫైలులో వరుస చివరి గుర్తు రెండు అక్షరాలు, లినక్స్‌లో ఒకటే. ఆ ఒక్క కారణంతో కాలేజీ ల్యాబు యంత్రాలకూ ఇళ్లలోని లాప్‌టాప్‌లకూ వారం రోజులపాటు పొత్తు కుదరలేదు.

అంకెలను అంకెలుగా చదివి పోల్చినా చివరి స్థానాల్లో తేడాలు వస్తాయి. కంప్యూటర్‌లో 0.1కి 0.2 కలిపి, ఆ మొత్తానికి 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2కి 0.3 ముందు కలిపి తరువాత 0.1 కలిపితే 0.6 వస్తుంది. రెండూ తప్పు కావు, కలిపిన క్రమం వేరు. ప్రాసెసర్ మారినా, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ మారినా, లెక్కను నాలుగు కోర్లకు పంచినా ఈ క్రమం మారిపోతుంది. ఐరోపా కణ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్ వారి ఎల్‌హెచ్‌సీ ఎట్ హోమ్ ప్రాజెక్టులో కణాల కక్ష్యలను లక్షల చుట్లు తిప్పే లెక్కలో ఇలాంటి అతి సూక్ష్మమైన తేడాలే పెరిగి పెద్దవై, వేర్వేరు యంత్రాల జవాబులు కలవకుండా పోయేవి. అన్ని యంత్రాల్లోనూ ఒకే విధంగా గుండ్రం చేసే గణిత లైబ్రరీని వాడి ఆ చిక్కును విప్పారు. బోయింక్ మరొక దారి కూడా చూపుతుంది. ఒక వర్క్ యూనిట్ ప్రతులన్నీ ఒకే రకం ప్రాసెసర్, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న యంత్రాలకే పంపితే జవాబులు అక్షరాలా కలుస్తాయి.

ఇరవై కంప్యూటర్లు ఉన్నవారికి యంత్రాలను రకాలుగా విడగొట్టే భోగం ఉండదు. తేడాకు ఒక హద్దు పెట్టుకోవడమే మార్గం. ఆ హద్దును ఊహించి పెట్టకండి, కొలిచి పెట్టండి. యాభై వర్క్ యూనిట్లను, మీరు స్వయంగా పరీక్షించి మంచివని తేల్చిన అన్ని రకాల యంత్రాల మీదా ఆడించి, వాటి మధ్య వచ్చే అతి పెద్ద తేడాను చూడండి. హద్దు దానికి పదింతలు ఉంచండి. తరువాత రెండు వేర్వేరు కూర్పుల జవాబుల మధ్య ఉండే తేడాతో ఆ హద్దును పోల్చండి. హద్దు దానికంటె ఎంతో చిన్నదిగా లేకపోతే, మీ పరీక్ష వేర్వేరు పనుల జవాబులను కూడా ఒకటేనని చెబుతుంది. వేసవిలో నది ప్రవాహం సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు శాతంలో పెట్టిన హద్దు అర్థం లేనిదవుతుంది కనుక, శాతంతో పాటు ఒక స్థిరమైన అంకెను కూడా హద్దుగా ఉంచుకోవాలి.

హద్దు పెట్టుకున్న తరువాత ఒక వింత ఎదురవుతుంది. హద్దు 0.5 అనుకుంటే 10.0తో 10.4 కలుస్తుంది, 10.4తో 10.8 కలుస్తుంది, 10.0తో 10.8 కలవదు. మూడు జవాబులూ ఒకదానితో ఒకటి విడివిడిగా కలిసినప్పుడే మూడింటినీ ఆమోదించండి. మధ్యలో ఉన్నదానిని అడ్డం పెట్టుకుని చివరివాటిని చుట్టరికంతో లోపలికి రానివ్వకండి.

ఇక ఈ వ్యాసంలో మీరు ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోదలిస్తే, బహుశా ఈ పేరాలోని విషయం గుర్తుపెట్టుకోవాలి. సున్నాను సున్నాతో భాగించడం వంటి అర్థం లేని లెక్క జరిగితే ప్రోగ్రాము ‘నాన్’ అనే విలువ ఇస్తుంది, అంటే అది అంకె కాదని. నాన్‌తో చేసే ఏ పెద్ద, చిన్న, సమానపు పోలికైనా ‘కాదు’ అనే జవాబే ఇస్తుంది. ‘తేడా హద్దుకంటె ఎక్కువైతే తిరస్కరించు’ అని మీరు రాశారనుకోండి. నాన్ వచ్చిన ఫలితంలో తేడా కూడా నాన్ అవుతుంది, అది హద్దుకంటె ఎక్కువా అంటే ‘కాదు’ అని వస్తుంది, తిరస్కరించవలసిన ఫలితం దర్జాగా లోపలికి నడిచి వస్తుంది. అదే షరతును తిరగేసి, ‘తేడా హద్దుకు లోబడి ఉంటేనే ఆమోదించు’ అని రాస్తే నాన్ బయటే ఆగిపోతుంది. రెండు వాక్యాలూ మనుషులకు ఒకటే, యంత్రానికి కావు.

కుంచం సంగతి

ఇద్దరి జవాబులు కలిశాయంటే అది సరైనదని ఎందుకు నమ్ముతున్నాము? ఇద్దరూ విడివిడిగా పొరపాటు పడితే ఒకే తప్పు అంకె రావడం అరుదు కాబట్టి. అంటే మన నమ్మకమంతా ‘విడివిడిగా’ అన్న మాట మీద నిలిచి ఉన్నది. మా వైపు వడ్లు కుంచంతో కొలిచే రోజుల్లో అనుమానం వచ్చిన రైతు రెండోసారి కొలిపించుకునేవాడు. అదే షావుకారు అదే కుంచంతో మళ్లీ కొలిస్తే లెక్క తప్పకుండా కలిసేది. కుంచం అడుగున మందమైన చెక్క బిగించి ఉంటే రెండో కొలత మొదటిదాని తప్పును మరింత గట్టిపరచేది తప్ప బయటపెట్టేది కాదు. తెలిసిన రైతు తన ఇంటి కుంచం తెచ్చుకునేవాడు.

మాకు ఈ పాఠం ఒక డీటీపీ దుకాణంలో అందింది. అక్కడి కంప్యూటర్లు రెండూ ఒకే డిస్కు నుంచి కాపీ చేసినవి. వాన లెక్కల ఫైలులో ఒక కేంద్రం తేదీలు ఒకరోజు ముందుకు జరిగి ఉన్నాయని తెలిసి మేము దిద్దిన కొత్త ఫైలు పంపాము. కాపీ చేసిన డిస్కులో పాతదే ఉండిపోయింది. సర్వర్ వరుసగా ఆ రెండింటికే జంటగా పని ఇచ్చింది, రెండూ ఎంతో శ్రద్ధగా ఒకే తప్పును మళ్లీ మళ్లీ పంపాయి, మా పద్దులో ఆ రెండే అందరికంటె నమ్మకమైన యంత్రాలుగా పైకి ఎక్కాయి. వరద ఒకరోజు ముందు వచ్చినట్టు చూపే గీత ఒకటి ఎవరికో వింతగా తోచేవరకు మాకు తెలియలేదు.

అప్పటి నుంచి మేము పాటిస్తున్నవి ఇవి. ప్రోగ్రాము తాను చదివిన ప్రతి ఇన్‌పుట్ ఫైలు చెక్‌సమ్‌నూ, తన వెర్షన్ సంఖ్యనూ ఫలితంలోనే రాసి పంపాలి. సర్వర్ దగ్గర ఉన్నవాటితో అవి సరిపోకపోతే ఫలితాన్ని తెరవను కూడా తెరవము. ఒకే వర్క్ యూనిట్ ప్రతులు రెండూ ఒకే యజమానికి వెళ్లకూడదు. బోయింక్‌లో దీనికి అమరిక ఉన్నది, దానిని ఆన్ చేయండి. పేర్లు వేరైనా ఒకే గదిలో, ఒకే ఇన్వర్టర్ మీద నడిచే యంత్రాలను మేము ఒకే యజమాని కిందనే లెక్కిస్తాము.

ఒకే రకం యంత్రాలకు పంపితే జవాబులు తేలికగా కలుస్తాయని పైన చెప్పాను. ఆ సౌకర్యం కుంచాన్ని ఒకటి చేయడమే. అంతా ఇంటెల్, అంతా విండోస్ అయితే ఆ కంపైలర్‌లో ఉన్న లోపం ఎన్ని ప్రతులు చేసినా కనబడదు. రెండింటి మధ్య నా సొంత తీర్పు ఏమిటంటే, రోజువారీ పనికి ఒకే రకం జంటలు పెట్టుకున్నా, ఇరవైలో ఒక వర్క్ యూనిట్‌ను కావాలనే వేరే రకం యంత్రానికి కూడా పంపి చూడాలి. ముఖ్యమైన ఫలితాన్ని మాత్రం ఎప్పుడూ వేరే కుంచంతోనే కొలవాలి. 2024 అక్టోబరులో గింప్స్‌కు దొరికిన అతి పెద్ద ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలున్నాయి. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉన్న ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్పు 11వ తేదీన అది ప్రధానం కావచ్చునని చెప్పింది. మరునాడు టెక్సాస్‌లోని వేరే చిప్పు, వేరే గణిత పరీక్షతో దానిని ధ్రువపరచింది. ఆ తరువాత కూడా వేర్వేరు ప్రోగ్రాములతో, వేర్వేరు యంత్రాలపై మళ్లీ మళ్లీ లెక్క కట్టించిన మీదటనే 21న లోకానికి ప్రకటించారు.

నమ్మకం లెక్క

ప్రతి పనినీ ఇద్దరికి ఇస్తే ఇరవై కంప్యూటర్లు పదిగా మారతాయి. అందుకే మంచి రికార్డు ఉన్న యంత్రం దగ్గర ఒక్క ప్రతితోనే సరిపెట్టుకోవాలన్న కోరిక పుడుతుంది. బోయింక్ దీనిని తానే చేయగలదు. ప్రతి యంత్రానికీ, ప్రతి ప్రోగ్రాము వెర్షన్‌కూ విడివిడిగా, వరుసగా ఎన్ని ఫలితాలు సరిచూపులో నిలిచాయో లెక్క ఉంచుతుంది. ఆ వరుస ఒక మెట్టు దాటిన తరువాత రెండో ప్రతి పంపడం క్రమంగా తగ్గిస్తుంది, పూర్తిగా మాత్రం మానదు. ఒక్క తప్పు పడితే వరుస మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

ఆ మెట్టు ఎక్కడ పెట్టాలన్నదానికి తేలిక లెక్క ఒకటి ఉన్నది. వరుసగా పది ఫలితాలు సరిగా వచ్చాయంటే అది గొప్ప విషయంగా తోస్తుంది. నిజానికి నూటికి పాతిక తప్పులు చేసే యంత్రం కూడా ఇరవైలో ఒకసారి అలా పది వరుసగా దాటిపోగలదు. వరుసగా ముప్ఫై దాటితే తప్పులు నూటికి పదిలోపు అని, మూడు వందలు దాటితే నూటికి ఒకటిలోపు అని అదే ధీమాతో చెప్పవచ్చు. మూడును ఎన్ని సరైన ఫలితాలు వచ్చాయో ఆ సంఖ్యతో భాగిస్తే ఈ హద్దు ఉజ్జాయింపుగా వస్తుంది, వరుస ముప్ఫై దాటిన తరువాత అది బాగా సరిపోతుంది. కాబట్టి పది దాటిన యంత్రానికి రెండో ప్రతి కొంచెం తగ్గించవచ్చు తప్ప, దానిని ఒంటరిగా వదిలేయకూడదు.

దీనికి తోడు జవాబు ముందే తెలిసిన పనులను మామూలు పనుల్లో కలిపి పంపండి. పైకి ఏ తేడా కనబడకూడదు. పదింట ఒకటి అలాంటిదైతే, ఐదింట ఒకటి తప్పు చేసే యంత్రం ఒక్కో పనికి దొరికిపోయే అవకాశం నూటికి రెండు. అది చిన్నదిగా కనబడినా, నూరు పనుల తరువాత దొరకకుండా మిగిలే అవకాశం నూటికి పదమూడుకు, రెండు వందల తరువాత రెండుకంటె తక్కువకు దిగిపోతుంది. నెమ్మదిగా పనిచేసే వల ఇది. అప్పుడప్పుడు మాత్రమే తప్పు చేసే యంత్రానికి వల ఇంకా పెద్దది కావాలి, అక్కడ ప్రతులతో పోల్చడమే మేలు.

పద్దులో తప్పునూ ఆలస్యాన్నీ ఒకే గడిలో రాయకండి. తప్పు ఫలితం పంపినది వేరు, గడువు దాటి పంపినది వేరు, అసలు పంపనిది వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటి వారంలో గడువు దాటిన వాలంటీర్‌ను నమ్మదగనివాడిగా ముద్ర వేసే సర్వర్ మన ప్రాంతానికి పనికిరాదు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే అన్ని గడువులనూ పొడిగించే ఒక చిన్న కమాండు సిద్ధంగా ఉంచుకోండి. తప్పులు పంపే యంత్రానికి మాత్రం రోజుకిచ్చే పనుల సంఖ్యను వెంటనే తగ్గించి, సరైన ఫలితాలు వస్తున్నకొద్దీ పెంచండి. లేకపోతే చెడిపోయిన యంత్రం ఒక్క క్షణంలో ఒక్కొక్క పనిని పాడుచేసి పంపుతూ తెల్లవారేసరికి మీ పనుల బుట్టను ఖాళీ చేస్తుంది.

ర్యామ్ మార్చినా, విండోస్ కొత్తగా వేసినా, ప్రోగ్రాము వెర్షన్ మారినా ఆ యంత్రం రికార్డు మొదటి నుంచి మొదలుకావాలి. నమ్మకం మనిషికి కాదు, యంత్రానికి. ఈ మాట వాలంటీర్‌కు చెప్పడం మాత్రం కొంచెం కష్టమే. గుణుపురంలో ఒక దుకాణదారుకు ఫోన్ చేసి, మీ రెండో కంప్యూటర్ ఫలితాలు కలవడం లేదని చెబితే, ‘ఏటి మాస్టారూ, అంతమందిలో మా మిషనేనా తప్పుడుది? నాలుగేళ్లుగా పెళ్లికార్డులు దాని మీదే కొడుతున్నాను, ఒక్క అక్షరం తప్పలేదు’ అన్నారు. వాదించలేదు. ఆ రాత్రి మెమ్‌టెస్ట్ వేసి పడుకోమన్నాను. ఉదయం తెర మీద ఎర్ర వరుసలు ఆయనే ఫోటో తీసి పంపి, ర్యామ్ కడ్డీ తీసి రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టాను అని రాశారు. అది నిలిచింది. పెళ్లికార్డులో ఒక బిట్ తిరగబడితే రంగులో ఒక చుక్క మారుతుంది, ఎవరి కంటా పడదు. ఆ పోలిక చెప్పిన తరువాత ఆయనకు నా మీద కోపం పోయింది.

మనుషుల మోసం గురించి ఒక్క పేరా చాలు. చేసిన పనికి వచ్చే పాయింట్ల, అంటే క్రెడిట్ల, పట్టికలో పైకి రావడానికి ప్రోగ్రామును మార్చి తప్పుడు ఫలితాలు పంపినవారు సెటీ ఎట్ హోమ్ తొలి ఏళ్లలోనే ఉన్నారు. క్రెడిట్‌ను వాలంటీర్ యంత్రం అడిగినంత కాకుండా, సరిచూపులో నిలిచిన ఫలితానికి మాత్రమే సర్వర్ లెక్క ప్రకారం ఇవ్వండి. బహుమతులు పెట్టకండి. బహుమతి పెట్టిన రోజు నుంచి మీ అవసరం ఫలితాలు సరిచూడటం నుంచి దొంగలను పట్టడానికి మారుతుంది, ఇరవై మంది ఉన్న బృందానికి అంత తీరిక ఉండదు.

సరిచూసేదానిని సరిచూడండి

డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ అనే బృందం 64 బిట్ల రహస్య తాళాన్ని వెదుకుతున్న రోజుల్లో, 2002 జులై 14న టోక్యోలోని ఒక మామూలు కంప్యూటర్ సరైన తాళాన్ని కనిపెట్టి పంపింది. సర్వర్ వైపు స్క్రిప్టు చెడి ఉండటంతో ఆగస్టు 12 వరకు దానిని ఎవరూ గుర్తించలేదు. దాదాపు ఐదేళ్లు లక్షల యంత్రాలు వెదికిన జవాబు నాలుగు వారాలు పెట్టెలో పడి ఉన్నది. వాలంటీర్లందరినీ అనుమానించే మనము మన స్క్రిప్టును మాత్రం అనుమానించము.

అందుకని ప్రతి సోమవారం ఉదయం మేము ఐదు ఫైళ్లను మామూలు దారిలోనే సర్వర్‌కు పంపుతాము. ఒకటి ఖాళీది, ఒకటి నాన్ ఉన్నది, ఒకటి పాత వాన లెక్కల చెక్‌సమ్ ఉన్నది, ఒకటి హద్దుకు కొంచెం అవతల ఉన్నది, ఒకటి పూర్తిగా సరైనది. మొదటి నాలుగూ వెనక్కి రావాలి, ఐదోది నిలవాలి. పోయిన వర్షాకాలంలో ఒక సోమవారం నాలుగోది నిలిచిపోయింది. ఎవరో హద్దును తాత్కాలికంగా పెంచి, తిరిగి దించడం మరచిపోయారు. ఆ ఎవరో నేనేనని లాగ్ ఫైలులో ఉన్నది. ఆ వారం ఆమోదించిన ఫలితాల మూల ఫైళ్లను అప్పటికి తీసివేయలేదు కనుక వాటినే మళ్లీ పోల్చగలిగాము. నిలవనివాటిని తిరిగి పంచాము. మూల ఫైళ్లను కనీసం మూడు నెలలు దాచి ఉంచండి. హద్దు మార్చిన ప్రతిసారీ తేదీ, కారణం, మార్చినవారి పేరు రాసే వరుస ఒకటి సెట్టింగుల ఫైలులోనే పెట్టి, అది నింపకపోతే సర్వర్ మొదలుకాకుండా చేయండి.